పాఠకుల డేటా కోసం ప్రకటనల్లో ఎవరిని ఆపాలి: సైటు యజమానులకు ఒక పద్ధతి

గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌లో ఒక కంపెనీ వెబ్ చిరునామాను బ్లాక్ చేస్తే ఆ కంపెనీ ప్రకటన మీ పేజీలో కనిపించడం ఆగుతుంది. మీ పాఠకుడి సమాచారం బయటికి వెళ్లడం మాత్రం ఆగదు. గోప్యత కోసం బ్లాక్ జాబితా తయారుచేసుకునే వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జాబితాలో రెండు వందల పేర్లు ఉంటాయి, పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, డేటా వెళ్లే దారులన్నీ మునుపటిలాగే తెరిచి ఉంటాయి.

అందుకే ముందుగా ఎవరెవరో విడదీసి చూసుకోవాలి. ప్రకటన ఇచ్చేవాడు ప్రకటనదారుడు: చీరల దుకాణం, బ్యాంకు, లోన్ యాప్. అతని తరఫున వేలంలో మీ పేజీలోని జాగా కొనేది కొనుగోలు వేదిక, అంటే బిడ్డర్. వీళ్లిద్దరి పక్కన కొలతల కంపెనీలు, మోసాలు పట్టే కంపెనీలు, పాఠకుల ప్రొఫైళ్లు అమ్మే కంపెనీలు ఉంటాయి. ప్రకటన తెర మీద వాళ్ల పేరు ఎక్కడా కనిపించదు. డేటా విషయంలో మనం పట్టించుకోవాల్సింది ముఖ్యంగా రెండో రకాన్నీ మూడో రకాన్నీ. ఇక్కడ వాళ్లందరినీ కలిపి వెండర్లు అందాం.

వేలం ఎలా జరుగుతుందో తెలిస్తే కారణం అర్థమవుతుంది. మార్కెట్ యార్డులో మిర్చి పాటకు వచ్చిన ప్రతి వ్యాపారీ మచ్చు చూస్తాడు. సరుకు ఒక్కడికే దక్కుతుంది, మచ్చు మాత్రం అందరూ చూసే ఉంటారు. ఆన్‌లైన్ ప్రకటనల వేలంలో ఆ మచ్చు మీ పాఠకుడే. పేజీ తెరుచుకున్న క్షణంలో వెళ్లే బిడ్ అభ్యర్థనలో పేజీ చిరునామా, బ్రౌజరు రకం, ఫోను మోడల్, ఐపీ చిరునామా లేదా దానిలో కొంత భాగం, సుమారు ప్రాంతం, కుకీ ఐడీ (పాఠకుడిని మళ్లీ గుర్తుపట్టేందుకు బ్రౌజరులో దాచే సంఖ్య) ఉండొచ్చు. గెలవని బిడ్డర్లకూ ఇవన్నీ చేరతాయి. ఇలా చేరిన సమాచారాన్ని వేలంతో సంబంధం లేని పనులకు దాచుకున్నారన్న ఆరోపణ మీదే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 డిసెంబరులో మొబైల్‌వాలా అనే డేటా కంపెనీపై చర్య తీసుకుంది. ప్రకటన చూపించకుండానే డేటా పోగుచేసుకునే వ్యాపారం ఒకటి ఉందని దానితో బహిరంగంగా తేలింది. మీ ప్రకటనదారుల బ్లాక్ జాబితా అలాంటి కంపెనీని తాకనైనా తాకదు.

ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోండి

ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి ఆరు నిలువు వరసలు పెట్టండి: డొమైన్, దాని వెనక ఉన్న కంపెనీ, పేజీలోకి ఎవరి ద్వారా వచ్చింది, ఏం పని చేస్తుంది, ఎంతకాలం డేటా ఉంచుకుంటుంది, నిర్ణయం. మూడో వరసను తేలిగ్గా తీసుకోవద్దు. ఒక ట్రాకరు మీరు స్వయంగా పెట్టిన ట్యాగు (పేజీలో అతికించే కోడు ముక్క) వల్ల వచ్చిందా, వర్డ్‌ప్రెస్ ప్లగిన్ వల్ల వచ్చిందా, మరో ప్రకటన కంపెనీ వెంటబెట్టుకొచ్చిందా అన్నది తెలియకపోతే దాన్ని ఎక్కడ ఆపాలో తెలియదు.

క్రోమ్‌లో కొత్త ప్రొఫైలు తెరవండి. ఎక్స్‌టెన్షన్లు ఏవీ ఉండకూడదు. ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఉన్న బ్రౌజరులో పరీక్షిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబుకు వెళ్లి 'ప్రిజర్వ్ లాగ్', 'డిజేబుల్ క్యాష్' రెండింటికీ టిక్కు పెట్టండి. ఫిల్టర్ల వరసలో థర్డ్ పార్టీ అభ్యర్థనలు మాత్రమే చూపించే ఎంపిక ఉంది, అదీ పెట్టండి. ఇప్పుడు మీ సైటు తెరిచి, పేజీ చివరిదాకా మెల్లగా కిందికి వెళ్లి, ఒక నిమిషం ఆగండి. చాలా ప్రకటనలు పాఠకుడు దగ్గరికి వచ్చాకే లోడ్ అవుతాయి. పేజీ తెరిచి వెంటనే లెక్కపెడితే సగం కూడా దొరకవు. తర్వాత ఆ లాగ్ మొత్తాన్ని హెచ్‌ఏఆర్ ఫైలుగా దాచుకోండి. నెల తర్వాత పోల్చి చూడటానికి అదే ఆధారం.

హోమ్ పేజీ, ఒక మామూలు వ్యాసం, ఎక్కువమంది చదివే ఒక పాత వ్యాసం, వీడియో ఉన్న పేజీ, ఫారం ఉన్న పేజీ: ఈ ఐదింటినీ విడివిడిగా చూడండి. ప్రతి అభ్యర్థన పక్కన ఉండే 'ఇనిషియేటర్' వరస ఎవరు ఎవరిని పిలిచారో చెబుతుంది. ఒక చిన్న చిత్రం కోసం వెళ్లిన అభ్యర్థన మూడు నాలుగు డొమైన్ల గుండా దారి మళ్లుతూ పోయిందంటే అది చాలావరకు కుకీ సింకే. అంటే రెండు కంపెనీలు ఒకే పాఠకుడికి తమ దగ్గరున్న ఐడీలను ఒకదానికొకటి జతచేసుకుంటున్నాయి. ఈ గొలుసుల్లో కనిపించే డొమైన్లను ఎర్రరంగుతో గుర్తుపెట్టండి. ఆపాల్సిన వాళ్లు ఎక్కువగా అక్కడే దొరుకుతారు.

బ్రౌజరులో కనపడనివి మూడున్నాయి. మొదటిది సర్వరు నుంచి సర్వరుకు జరిగే వేలం. పేజీ నుంచి ఒక్క అభ్యర్థనే వెళ్తుంది, అటు పక్కన సర్వరు ఇరవై మందికి పంచుతుంది. ఆ ఇరవై మంది పేర్లు ఆ సేవ డ్యాష్‌బోర్డులోనో ఒప్పందంలోనో తప్ప ఇంకెక్కడా కనిపించవు. రెండోది మీ సొంత సబ్‌డొమైన్ వెనక దాక్కున్న ట్రాకరు. ఎప్పుడో ఒక కంపెనీ అడిగిందని మీ డొమైన్ పేర్ల సెట్టింగుల్లో, అంటే డీఎన్ఎస్‌లో, ఆ సబ్‌డొమైన్‌ను వాళ్ల సర్వరు వైపు చూపించే సీనేమ్ రికార్డు పెట్టి ఉంటే, బ్రౌజరు దాన్ని మీ సొంత సైటులో భాగంగానే చూస్తుంది. మీ లాగిన్ కుకీని ప్రధాన డొమైన్ మొత్తానికి ఇచ్చి ఉంటే ఆ కుకీ కూడా వాళ్లకు వెళ్తుంది. డీఎన్ఎస్ పేజీ తెరిచి ప్రతి సీనేమ్ ఎవరిదో చూడండి. ఎవరిదో చెప్పలేని రికార్డు ఉంటే దాని సంగతి ఈ రోజే తేల్చండి. మూడోది ట్యాగ్ మేనేజరులో, అంటే ట్యాగులన్నిటినీ ఒకచోట నడిపే సాధనంలో, కొన్ని షరతులతో మాత్రమే మేల్కొనే ట్యాగులు. బ్రౌజరు లాగ్‌లో కాకుండా ట్యాగ్ మేనేజరులోనే వాటి జాబితా చూడాలి.

పాత స్క్రిప్టులను తేలిగ్గా వదలొద్దు. షేర్ బటన్ల కోసం వేల సైట్లు వాడిన యాడ్‌దిస్ సేవను ఒరాకిల్ 2023 మే 31న మూసేసింది. దాని ట్యాగు ఇప్పటికీ థీమ్ ఫైళ్లలో మిగిలిపోయిన సైట్లున్నాయి. పాత ట్యాగు వెనకున్న డొమైన్ చేతులు మారితే ఏమవుతుందో 2024లో పాలీఫిల్ డాట్ ఐఓ అనే స్క్రిప్టుల సేవ చూపించింది. ఫిబ్రవరిలో ఆ డొమైన్ వేరే కంపెనీ చేతికి వెళ్లింది, జూన్ నాటికి దాన్ని వాడుతున్న లక్షకు పైగా సైట్లలోకి దురుద్దేశపు కోడు చేరింది. ఎవరూ వాడని స్క్రిప్టును తీసేస్తే ఆదాయం ఒక్క రూపాయి కూడా తగ్గదు. పని మొదలుపెట్టాల్సింది అక్కడే.

వెండరు తన గురించి తాను రాసిచ్చినది చదవండి

ఒక్కో కంపెనీ ప్రైవసీ పాలసీ చదువుతూ కూర్చుంటే ఏడాది పడుతుంది. దానికన్నా మంచి దారి ఉంది. ఐరోపాలో ప్రకటనల సమ్మతి కోసం ఐఏబీ యూరప్ అనే ప్రకటనల పరిశ్రమ సంఘం నడిపే టీసీఎఫ్ చట్రంలో చేరిన ప్రతి వెండరూ గ్లోబల్ వెండర్ లిస్ట్ అనే బహిరంగ జాబితాలో తన వివరాలు ప్రకటించాలి. మీ పాఠకులు ఐరోపాలో లేకపోయినా ఈ జాబితా పనికొస్తుంది, ఎందుకంటే అదే కంపెనీ అదే సాంకేతికతతో హైదరాబాదులోనూ విజయవాడలోనూ పనిచేస్తుంది. కాకపోతే అక్కడ ఇచ్చిన మాట ఐరోపా పాఠకుడికి మాత్రమే కట్టుబడి ఉంటుంది. కంపెనీ స్వభావం తెలుసుకోవడానికి ఇది చాలు, మన పాఠకుడికి హామీగా మాత్రం లెక్కవేసుకోకండి.

ఒక్కో వెండరు దగ్గర ఈ వరసలో చూడండి.

ముందు ప్రత్యేక ఫీచర్లు. ఇవి రెండే ఉన్నాయి: ఒకటోది కచ్చితమైన భౌగోళిక స్థానం వాడటం, రెండోది పాఠకుడిని గుర్తుపట్టేందుకు పరికరం లక్షణాలను పనిగట్టుకుని స్కాన్ చేయడం. ఈ రెండోదాన్నే మామూలుగా ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. కుకీని పాఠకుడు చెరిపేసుకోగలడు, తన ఫోను తెర కొలతలనూ ఫాంట్ల జాబితానూ చెరిపేసుకోలేడు. అందుకే వార్తలు, వంటలు, కథల సైటులో ఈ రెండింట్లో ఏది ప్రకటించిన వెండరునైనా మొదటి విడతలోనే ఆపమని మా సలహా. గూగుల్ తన ప్రకటనల వేదికల విధానాన్ని 2025 ఫిబ్రవరి 16 నుంచి మార్చి, ఫింగర్‌ప్రింటింగ్ మీద తాను అంతకుముందు పెట్టిన నిషేధాన్ని సడలించింది. కాబట్టి గూగుల్ అనుమతించిన కంపెనీ కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

తర్వాత ఉద్దేశాలు. టీసీఎఫ్ 2.2లో అవి పదకొండు. మూడోది ప్రకటనల కోసం ప్రొఫైలు తయారుచేయడం, నాలుగోది ఆ ప్రొఫైలు వాడి ప్రకటన ఎంచడం. రెండోది పరిమిత డేటాతో, అంటే పేజీ విషయాన్నీ సుమారు ప్రాంతాన్నీ చూసి ప్రకటన ఎంచడం. ఏడోది ప్రకటన పనితీరు కొలవడం. రెండు, ఏడు మాత్రమే అడిగే వెండరు తక్కువ ప్రమాదకారి. మూడోది అడిగే వెండరు మీ పేజీ నుంచి తెలుసుకున్నదాన్ని తన దగ్గర దాచుకుని ఇంకెక్కడో వాడుకుంటుంది. కొలతల కంపెనీ అని చెప్పుకుంటూ మూడో ఉద్దేశం కూడా ప్రకటించినది కనిపిస్తే అనుమానించండి. కొలవడానికి ప్రొఫైలు అక్కర్లేదు.

'న్యాయమైన ప్రయోజనం' అన్న పేరుతో, పాఠకుడిని అడగకుండానే డేటా వాడుకునే వీలు కొన్ని ఉద్దేశాలకు ఉంది. 2023లో వచ్చిన 2.2 రూపంలో మూడు నుంచి ఆరు వరకు ఉద్దేశాలకు ఆ వీలు తీసేశారు. ఒకటో ఉద్దేశం తప్ప మిగతావాటికి ఇంకా ఉంది. ఇలా కోరే వెండరును పూర్తిగా తీసేయనక్కర్లేదు. పాఠకుడి అనుమతి అడిగే చాలా సమ్మతి బ్యానరు సేవల్లో 'పబ్లిషర్ రిస్ట్రిక్షన్స్' అనే భాగం ఉంటుంది, అక్కడ ఫలానా ఉద్దేశానికి సమ్మతి ఉంటేనే అనుమతి అని బిగించవచ్చు.

ఆ తర్వాత కాలపరిమితి. కుకీ వయసు సెకన్లలో ఉంటుంది. 86,400 సెకన్లు ఒక రోజు, 3,15,36,000 సెకన్లు ఏడాది. డేటా నిల్వ కాలం మాత్రం రోజుల్లో రాస్తారు. ఈ రెండింటినీ కలిపి చూడాలి, ఎందుకంటే కుకీ 90 రోజులకే చచ్చిపోయినా దానితో పోగుచేసిన డేటా రెండేళ్లు బతికి ఉండొచ్చు. మా గీత ఇది: కుకీ 13 నెలలు దాటినా, ఏ ఉద్దేశానికైనా నిల్వ రెండేళ్లు దాటినా వివరణ అడగాలి, రెండు వారాల్లో జవాబు రాకపోతే ఆపాలి. ఈ గీతను మీ సైటును బట్టి మార్చుకోవచ్చు. ఏదో ఒక గీత రాసి పెట్టుకోవడం మాత్రం తప్పనిసరి. లేకపోతే ప్రతి వెండరు దగ్గరా కొత్తగా వాదించుకోవాల్సి వస్తుంది.

చివరగా ఫీచర్లు మూడు: బయటి మూలాల డేటాతో జతచేయడం, ఒకే మనిషి వాడే వేర్వేరు పరికరాలను కలపడం, పరికరం దానంతటదే పంపే సమాచారంతో గుర్తించడం. మొదటి రెండూ కలిసి కనిపిస్తే ఆ కంపెనీ ప్రధాన వ్యాపారం ప్రొఫైళ్లేనని అనుకోవచ్చు.

జాబితాలో లేని వెండరు సంగతి? గూగుల్‌కు తనదైన యాడ్ టెక్ ప్రొవైడర్ల జాబితా ఉంది. టీసీఎఫ్‌లో చేరని కొన్ని కంపెనీలు అందులో ఉంటాయి. పాఠకుడి జవాబును టీసీఎఫ్ ఒక అక్షరాల వరసగా, అంటే సమ్మతి స్ట్రింగుగా, రాసి పంపుతుంది; టీసీఎఫ్‌లో లేని వాటి సమ్మతిని గూగుల్ విడిగా ఇంకో స్ట్రింగులో మోస్తుంది. వాటి ప్రైవసీ పేజీ తెరిచి మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి: ఏం సేకరిస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరికి ఇస్తారు. మూడో ప్రశ్నకు 'మా భాగస్వాములు' అన్న మాట తప్ప ఇంకేమీ లేకపోతే ఆపండి. రెండు జాబితాల్లోనూ లేకుండా మీ లాగ్‌లో కనిపించినది ఉంటే, దాన్ని తెచ్చిన కంపెనీకి రాతపూర్వకంగా అడగండి.

కంపెనీ చరిత్ర కూడా చూడాలి, అయితే తీర్పును పూర్తిగా చదవండి. ఉదాహరణకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్‌ఐఎల్ 2023 జూన్‌లో ప్రకటనల కంపెనీ క్రిటియోకు 4 కోట్ల యూరోల జరిమానా వేసింది. తన భాగస్వామి సైట్లు పాఠకుల సమ్మతి నిజంగా తీసుకున్నాయో లేదో ఆ కంపెనీ సరిచూసుకోలేదన్నది అందులో ముఖ్యమైన అంశం. ఇది చదివి ఆ ఒక్క కంపెనీని ఆపేసి ఊరుకుంటే ప్రయోజనం తక్కువ. సమ్మతి తీసుకోవాల్సింది మీ బ్యానరే కాబట్టి అందులోని అసలు పాఠం మీ బ్యానరుకే.

ఎక్కడ ఏది ఆపాలి

యాడ్‌సెన్స్ ఒక్కటే వాడే సైటుకు పని సులువు. 'బ్రాండ్ సేఫ్టీ'లో 'బ్లాకింగ్ కంట్రోల్స్' తెరవండి. అందులో ప్రకటనదారుల చిరునామాలు, యాడ్ నెట్‌వర్కులు, సాధారణ వర్గాలు, సున్నితమైన వర్గాలు, యాడ్ సర్వింగ్ అని భాగాలుంటాయి. గూగుల్ ఈ మెనూల పేర్లు అప్పుడప్పుడు మారుస్తుంది, కనపడకపోతే సహాయ పేజీలో వెతకండి. డేటా కోణంలో ముఖ్యమైనవి రెండు: నెట్‌వర్కుల భాగం, యాడ్ సర్వింగ్ భాగం. నెట్‌వర్కుల దగ్గర కొత్తవాటిని వాటంతటవే అనుమతించే మీట ఉంటే ఆపేయండి. అది తెరిచి ఉంటే ఈ రోజు మీరు తీసిన లెక్క మూడు నెలలకే పనికిరాకుండా పోతుంది. యాడ్ సర్వింగ్‌లో వ్యక్తిగతీకరించిన ప్రకటనల మీట ఉంటుంది. దాన్ని ఆపితే పాఠకుడి గతాన్ని బట్టి కాకుండా పేజీ విషయాన్నీ సుమారు ప్రాంతాన్నీ బట్టి ప్రకటనలు వస్తాయి. అయితే ఆపినంత మాత్రాన కుకీలు పూర్తిగా పోవు. ఒకే ప్రకటన పదే పదే రాకుండా చూడటానికి, మోసాలు పట్టడానికి కుకీలు వాడతారు.

ఐరోపా పాఠకుల విషయం 'ప్రైవసీ అండ్ మెసేజింగ్' భాగంలో ఉంటుంది. ఐరోపా ఆర్థిక ప్రాంతం, బ్రిటన్ పాఠకులకు గూగుల్ గుర్తించిన సమ్మతి సేవను 2024 జనవరి 16 నుంచి, స్విట్జర్లాండ్ పాఠకులకు అదే ఏడాది జూలై 31 నుంచి తప్పనిసరి చేశారు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న తెలుగువాళ్లు మీ సైటు చదువుతుంటే ఇది మీకూ వర్తిస్తుంది. అక్కడ ప్రకటన భాగస్వాముల ఎంపికలో 'సాధారణంగా వాడేవి' అన్నది ముందే ఎంచి ఉంటుంది. అంటే మీరు పేరు కూడా వినని కంపెనీల పొడుగాటి జాబితాకు మీ పాఠకుడు 'సరే' అంటున్నాడు. దాన్ని సొంత జాబితాకు మార్చి, మీ స్ప్రెడ్‌షీటులో నిలిచిన వాళ్లనే ఉంచండి. ముప్పై నలభై మందితో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి చేర్చుకోవడం మంచిది. మూడు వందల మంది పేర్లున్న బ్యానరును ఏ పాఠకుడూ చదవడు, అలాంటి సమ్మతిని సమ్మతి అనడం కూడా కష్టమే.

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులకు అడిగే పద్ధతి వేరు. అక్కడ ముందుగా సమ్మతి కాకుండా, డేటా అమ్మవద్దని చెప్పే హక్కు ఉంటుంది. నా డేటా అమ్మవద్దని పాఠకుడి తరఫున బ్రౌజరు పంపే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ సంకేతాన్ని పట్టించుకోలేదన్నది ప్రధాన ఆరోపణల్లో ఒకటిగా ఉన్న కేసులో సౌందర్య సాధనాల కంపెనీ సెఫోరా 2022 ఆగస్టులో 12 లక్షల డాలర్లు కట్టింది. ఆ కేసుకు ఆధారమైన కాలిఫోర్నియా గోప్యతా చట్టం అమ్మకాలు, రికార్డుల సంఖ్యలో కొన్ని పరిమితులు దాటిన వ్యాపారాలకే వర్తిస్తుంది. చిన్న తెలుగు సైటు దాని పరిధిలోకి రాకపోవచ్చు, అయినా ఆ సంకేతం వచ్చిన పాఠకుడికి వ్యక్తిగతీకరణ ఆపడం కష్టమేమీ కాదు. పాఠకుడు స్పష్టంగా వద్దని చెబుతున్నప్పుడు మన్నించడమే సరైన పని.

హెడర్ బిడ్డింగ్ ఉంటే, అంటే ప్రీబిడ్ లాంటి స్క్రిప్టుతో మీ పేజీయే చాలామంది బిడ్డర్లను ఒకేసారి అడుగుతుంటే, ఎక్కువ అధికారం మీ చేతిలోనే ఉంటుంది. ఒక బిడ్డర్‌తో మాట్లాడే కోడు భాగాన్ని, అంటే అడాప్టరును, తీసేసి ఫైలు మళ్లీ బిల్డ్ చేస్తే ఆ బిడ్డర్ మీ పేజీ నుంచి నేరుగా అభ్యర్థన అందుకోడు. ఆదాయం మరీ అవసరమైన బిడ్డర్‌ను ఉంచాల్సి వస్తే, యూజర్ సింక్ సెట్టింగులో అతని ఐఫ్రేమ్ సింకును (పేజీ లోపల తెరుచుకునే మరో పేజీ ద్వారా జరిగే కుకీ సింకు) ఆపండి. ఒక్కో బిడ్డర్‌కు ప్రీబిడ్ ఐదు సింకుల దాకా అనుమతిస్తుంది, దాన్ని ఒకటికి తగ్గించవచ్చు. కొత్త రూపాల్లో కచ్చితమైన స్థానం, యూజర్ ఐడీలు, సింకులు విడివిడిగా ఆపే 'యాక్టివిటీ కంట్రోల్స్' ఉన్నాయి. ఇవి బ్రౌజరులో జరిగేవాటికే పనిచేస్తాయి. సర్వరులో జరిగే వేలానికి అక్కడే విడిగా పెట్టాలి.

యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు గురించి ఒక అపోహ ఉంది. మీ జాగాను ఎవరు అమ్మవచ్చో చెప్పే ఫైలు అది. ఒక్కో వరసలో అమ్మే వేదిక డొమైను, అందులో మీ ఖాతా సంఖ్య, నేరుగా అమ్ముతుందా మారుబేరమా అన్న మాట, కొన్నిసార్లు ధృవీకరణ సంఖ్య ఉంటాయి. ఒక వరస తీసేస్తే ఆ అమ్మకందారు నుంచి పెద్ద కొనుగోలు వేదికలు కొనడం మానేస్తాయి, డబ్బు ఆగుతుంది. కానీ ఆ కంపెనీ ట్యాగు పేజీలోనే ఉంటే డేటా వెళ్తూనే ఉంటుంది. డబ్బూ పోయి డేటా కూడా పోయే అధ్వాన స్థితి అది. ముందు ట్యాగు తీయండి, తర్వాత వరస తీయండి. మారుబేరం వరసల్లో ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో చెప్పలేనివి చాలా ఉంటాయి. ఒక భాగస్వామి పంపిన నూరు వరసలను యథాతథంగా అతికించడం మామూలైపోయింది. ప్రతి వేదిక తన అమ్మకందారుల పేర్లు ప్రకటించే సెల్లర్స్ డాట్ జేసన్ ఫైలులో ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి, పేరు దాచి ఉన్నవాటిని మొదట తీసేయండి.

సర్వరులో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీ ఏ డొమైన్ల నుంచి కోడు తెచ్చుకోవచ్చో బ్రౌజరుకు చెప్పే నియమం) పెట్టి డొమైన్లు ఆపవచ్చు కదా అనిపిస్తుంది. మీరు స్వయంగా పెట్టిన స్క్రిప్టులకు అది మంచిదే. ప్రకటన వేరే డొమైను ఐఫ్రేములో తెరుచుకున్నాక దాని లోపలి అభ్యర్థనలకు మీ పాలసీ వర్తించదు. పైగా అనుమతించిన డొమైన్ల జాబితా పద్ధతిలో పాలసీ పెడితే ప్రకటనలు ఒకరోజు వచ్చి ఒకరోజు రావు, ఎందుకంటే గూగుల్ ప్రకటనలు వాడే డొమైన్లు మారుతుంటాయి.

ప్రకటనదారుడినే ఆపాల్సిన చోట్లు

పాఠకుడు నొక్కాక డేటా లాక్కునే ప్రకటనలున్నాయి. ఇక్కడ చిరునామా బ్లాక్ చేయడమే సరైన మందు. తెలుగు సైట్లలో వీటిలో మొదటివి తక్షణ రుణాల యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు రుణ యాప్‌ల వేధింపుల మీద వరసగా కేసులు పెట్టారు. ఫోనులోని కాంటాక్టులు తీసుకుని బంధువులకు ఫోన్లు చేయడం ఆ వేధింపుల్లో భాగం. వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని గూగుల్ ప్లే 2023 మే 31 నుంచి నియమం పెట్టింది. డిజిటల్ రుణ యాప్‌ల బహిరంగ జాబితాను రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో 2025 జూలై నుంచి ఉంచుతోంది. మీ పేజీలో రుణ ప్రకటన కనిపిస్తే యాప్ పేరు ఆ జాబితాలో ఉందేమో చూడండి. లేకపోతే ప్రకటననూ ప్రకటనదారు ఖాతానూ కలిపి ఆపండి. జాబితాలో ఉండటం ఆ యాప్ మంచిదన్న ధ్రువపత్రం కాదు, లేకపోవడం మాత్రం ఆపడానికి చాలిన కారణం. ఒక్కొక్కటీ చూసే ఓపిక లేకపోతే వినియోగదారు రుణాల వర్గం మొత్తాన్ని ఆపేయండి. బ్యాంకుల మంచి ప్రకటనలు కొన్ని పోతాయి. పాఠకుల్లో అప్పుల ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా ఉండే ఉద్యోగాలు, ప్రభుత్వ పథకాల సైట్లకు ఆ నష్టం భరించదగినదే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది. అవి ఎక్కడైనా జారి వస్తే ఆపడమే కాదు, ఫిర్యాదు కూడా చేయండి. తర్వాత చూడాల్సినవి ఫోను నంబరు అడిగే జాతక ప్రకటనలు, 'ఫోను వేగం పెంచే' డౌన్‌లోడ్ సాధనాలు, త్వరగా డబ్బు సంపాదన పథకాలు, బరువు తగ్గించే మందులు. యాడ్‌సెన్స్‌లో వీటికి సున్నితమైన వర్గాలున్నాయి. వర్గం పక్కన గత 30 రోజుల్లో మీ ఆదాయంలో దాని వాటా ఎంతో కనిపిస్తుంది. ఆపే ముందు ఆ అంకె చూసి రాసుకోండి.

ఏ కంపెనీయో తెలియని ప్రకటనకు దాని మూలలోని చిన్న గుర్తు నొక్కితే ప్రకటనదారు వివరాలు వస్తాయి. 2023లో మొదలైన గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటరులో ఆ పేరు వెతికితే వాళ్లు ఏ దేశం నుంచి, ఇంకా ఏయే ప్రకటనలు ఇస్తున్నారో తెలుస్తుంది. చిరునామా బ్లాక్ చేసేటప్పుడు వచ్చే చిక్కు ఒకటే: మోసగాళ్లు వారానికో కొత్త డొమైను కొంటారు. అందుకే యాడ్‌సెన్స్‌లో మీ పేజీలకు వచ్చిన ప్రకటనలు చూపించే యాడ్ రివ్యూ సెంటరులో ఒక్క ప్రకటన కాకుండా ఖాతాను ఆపే ఎంపిక వాడండి.

ప్రకటనలే వద్దనుకోవాల్సిన పేజీలు

వెండరును ఎంత జాగ్రత్తగా ఎంచినా పేజీ చిరునామాయే ఒక రహస్యం బయటపెట్టే సందర్భాలుంటాయి. గర్భస్రావం, హెచ్‌ఐవీ, మానసిక ఆరోగ్యం, మద్యం మానడం, గృహహింస గురించిన వ్యాసం ఎవరు చదివారో బిడ్డర్‌కు చేరకూడదు. బిడ్ అభ్యర్థనల్లో పేజీ విషయ వర్గాన్ని పంపడం గూగుల్ 2020 ఫిబ్రవరిలో మానేసింది, కానీ చిరునామాలోనే విషయం రాసి ఉంటే వర్గం పంపకపోయినా ఒకటే. ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కంపెనీలతో పంచుకున్నందుకు అమెరికాలో 2023లో మందుల ధరల సేవ గుడ్‌ఆర్‌ఎక్స్ 15 లక్షల డాలర్లు, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సేవ బెటర్‌హెల్ప్ 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఇలాంటి పేజీలను, గూగుల్ తానే చోటు ఎంచి ప్రకటనలు పెట్టే ఆటో యాడ్స్‌లోని పేజీ మినహాయింపుల్లో చేర్చండి, చేతితో పెట్టిన ప్రకటన యూనిట్లను టెంప్లేటు స్థాయిలోనే తీయండి. మినహాయింపు ఆటో యాడ్స్‌కే పనిచేస్తుంది, చేతితో పెట్టిన యూనిట్లు మిగిలిపోతాయి. ఎక్కువమంది మరిచేది ఇదే. సంప్రదింపు ఫారం, లాగిన్ పేజీల మీద కూడా బయటి స్క్రిప్టులు ఉంచవద్దు.

పిల్లల కథలు, పద్యాలు, బొమ్మల సైట్లది ఇంకో లెక్క. భారత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. వాళ్లను ట్రాక్ చేయడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం తొమ్మిదో సెక్షన్ నిషేధిస్తుంది, ఉల్లంఘనకు జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు కోసం ఆగవద్దు. సైటును పిల్లలదిగా ప్రకటించే సెట్టింగు ఇప్పుడే పెట్టండి. పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం ఉన్న అమెరికా కొప్పా చట్టం 13 ఏళ్లలోపు వాళ్లకే కాబట్టి, ఆ చట్టానికి సరిపోయిందని భారత చట్టానికీ సరిపోయినట్టు అనుకోకండి.

మార్చాక సరిచూసుకోవడం

ఒకేసారి ఇరవై మందిని ఆపకండి. ఆదాయం తగ్గితే ఎవరి వల్లో తెలియదు, కంగారులో అందర్నీ వెనక్కి తెచ్చేస్తారు. పనికిరాని స్క్రిప్టులు, ఫింగర్‌ప్రింటింగ్ వెండర్లు, పేరు తెలియని మారుబేరగాళ్లు: వీళ్లను మొదటి రోజే తీసేయండి. మిగతావాళ్లను ముగ్గురు నలుగురు చొప్పున ఆపి, ఒక్కో విడతకు రెండు పూర్తి వారాలు చూడండి. వారంతో వారాన్ని పోల్చండి, ఆదివారాన్ని సోమవారంతో పోలిస్తే అర్థం ఉండదు. మొత్తం ఆదాయం కన్నా వెయ్యి పేజీ చూపులకు వచ్చే రాబడి చూడటం మేలు, ఎందుకంటే పండగ వారంలో రాకపోకలే మారిపోతాయి. దసరా, దీపావళి ముందు ధరలు సహజంగా పెరుగుతాయి, జనవరి మొదట్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో పరీక్ష పెడితే తప్పు లెక్క వస్తుంది.

డేటా వైపు పరీక్ష మూడు రకాలుగా చేయాలి: భారత్ నుంచి మామూలుగా, ఐరోపా వీపీఎన్‌తో అన్నీ తిరస్కరించి, అదే వీపీఎన్‌తో అన్నీ అంగీకరించి. తిరస్కరించినప్పటి లాగ్‌లో కుకీ సింక్ గొలుసులు ఒక్కటీ ఉండకూడదు. ఉంటే ఆ ట్యాగు బ్యానరు జవాబు కోసం ఆగకుండా ముందే పరుగెత్తుతోందన్నమాట. చాలావరకు థీమ్‌లోనో ప్లగిన్‌లోనో నేరుగా అతికించిన ట్యాగే దీనికి కారణం, దాన్ని సమ్మతి సేవ చేతికి అప్పగించాలి. అభ్యర్థనల చిరునామాలో సమ్మతి స్ట్రింగు కనిపిస్తుంది. టీసీఎఫ్ రెండో రూపంలో అది పెద్ద 'సీ' అక్షరంతో మొదలవుతుంది. దాన్ని ఐఏబీ డీకోడరులో అతికిస్తే ఏ వెండరుకు ఏ ఉద్దేశానికి అనుమతి వెళ్లిందో వరసగా కనిపిస్తుంది. మీరు తీసేసిన వెండరు సంఖ్య అందులో ఇంకా ఉంటే మార్పు ప్రచురణ కాలేదు, లేదా బ్రౌజరులో పాత సమ్మతి మిగిలి ఉంది. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ తానే ఆపుతుంది కాబట్టి ఐఫోనులో చేసిన పరీక్షను ఆండ్రాయిడ్ పాఠకులకు అన్వయించకండి. మన పాఠకుల్లో ఎక్కువమంది ఆండ్రాయిడ్ వాళ్లే.

గ్లోబల్ వెండర్ లిస్ట్ వారం వారం మారుతుంది. మీరు ఉంచుకున్న వెండర్ల వివరాలను మూడు నెలలకోసారి మళ్లీ తీసి, స్ప్రెడ్‌షీటులోని పాతవాటితో పోల్చండి. ముఖ్యంగా కొత్తగా మూడో ఉద్దేశం గానీ ప్రత్యేక ఫీచరు గానీ చేర్చినవాళ్లు ఎవరో చూడండి. వెండరును తీసేసినప్పుడు పాఠకుడిని మళ్లీ అడగనక్కర్లేదు. చేర్చినప్పుడు మాత్రం అడగాలి. పాత 'సరే' కొత్త కంపెనీకి చెల్లదు కాబట్టి, సమ్మతి సేవలో మళ్లీ అడిగే మీటను నొక్కి, సైటు ప్రైవసీ పేజీలో ఆ పేరు చేర్చాకే ఆ వెండరు ట్యాగును పేజీలో పెట్టండి.